నూట పద్నాలుగు గూళ్ళు

నాలుగో డబ్బా నిండుతుండగా ఆవిడ మా గుమ్మం ముందు ఆగింది.

మా వీధి కొళాయిలో నీళ్ళు దారంలా వస్తాయి. ఒక డబ్బా నిండేలోపు ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి రావచ్చు. ఆ ఎండాకాలం రోజూ పొద్దున్నే నా పని అదే. ఆరు డబ్బాలు నింపి, తోపుడుబండి మీద రేవుకి చేర్చి, పడవలో ఉన్న నాన్నకి అందించాలి. తర్వాత నేనూ ఎక్కాలి. తెడ్లు వేస్తే అరగంట ప్రయాణం. అక్కడ దీవి మీద మా మేకలు ముప్ఫై ఒకటి నీళ్ళకోసం ఒడ్డుకొచ్చి నిలబడి ఉండేవి.

ఆవిడ మెడలో దుర్భిణి వేలాడుతోంది. ఎండకి ముక్కు మీద తోలు ఊడి ఎర్రబడింది.

"ఈ నీళ్ళు దీవికేనా?" అంది.

తలూపాను.

"పడవలో నాకూ చోటుంటుందా?"

మళ్ళీ తలూపాను.

"నీకు మాటలు రావా అమ్మాయ్?"

అమ్మ లోపలినుంచే కేక వేసింది. "వస్తాయమ్మా. వాడితే అరిగిపోతాయని దాచుకుంటుంది."

ఆవిడ నవ్వింది. దీవి మీద పక్షుల్ని లెక్కపెట్టడానికి ఏదో ఆఫీసు పంపితే వచ్చానని చెప్పింది. రెండు రోజులు తిరక్కముందే వీధిలో వాళ్ళు ఆవిడకి పక్షులమ్మ అని పేరు పెట్టేశారు.

దీవి అంటే పెద్దదేం కాదు. ఆ చివర నుంచి ఈ చివరకి నడిస్తే ఒక పాట పూర్తి కాదు. ఒక కొసన నల్లటి బండ, ఇల్లంత ఎత్తు. రెండో కొసన గులకరాళ్ళ మేట. మధ్యలో గడ్డి, ఉప్పగా ఉండే తుప్పలు, గాలికి ఒకే వైపు వంగిపోయిన ముళ్ళచెట్టు ఒకటి. కుక్కలు లేవు, పాములు లేవు, మనుషులు లేరు, మంచినీళ్ళు లేవు. ఎండాకాలం మొదట్లో మేకల్ని నాలుగేసి చొప్పున పడవలో తీసుకెళ్ళి వదిలేవాళ్ళం. తొలివానకి మళ్ళీ ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఒడ్డున ఉన్న బీడుకి రెండేళ్ళ కిందట ముళ్ళకంచె వేసేశారు. అప్పటినుంచి మేకలకి మిగిలింది ఆ దీవి ఒక్కటే.

"అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదంటే మనదే," అనేవాడు నాన్న.

గులకరాళ్ళ మేట మీద నల్లటోపీ పిట్టలు గూళ్ళు పెట్టేవి. ఒళ్ళంతా తెలుపు, నెత్తిమీద మాత్రం టోపీ పెట్టినట్టు నలుపు. గూడు అంటే పుల్లలూ పీచూ ఏమీ ఉండవు. రాళ్ళ మధ్య పొట్టతో ఒక గుంట చేసుకుని అందులో రెండో మూడో గుడ్లు పెడతాయి. గుడ్డుకీ రాయికీ తేడా తెలియదు. పక్షులమ్మ మేట అంచున నిలబడి దుర్భిణితో చాలాసేపు చూసి, పన్నెండు గూళ్ళున్నాయని రాసుకుంది.

"పందొమ్మిది," అన్నాను.

ఆవిడ తిరిగి చూసింది. నేను వేలితో ఒక్కొక్కటీ చూపించాను. ఆవిడ పుస్తకంలో పన్నెండు కొట్టేసింది.

"నీ కళ్ళు బాగున్నాయి. అందంగా ఉన్నాయని కాదు, పనిచేస్తున్నాయి," అంది. "నేను నెల తర్వాత వస్తాను. ఈలోపు లెక్క నువ్వు రాస్తావా?"

అంతకుముందు నాకెవరూ ఒక పని చేస్తావా అని అడగలేదు. చెయ్యి అని చెప్పేవాళ్ళు.

ఎలా చెయ్యాలో ఆవిడే నేర్పింది. జానెడు పుల్లలు తెచ్చి కొసలు సున్నంలో ముంచాలి. గూడు కనబడగానే దానికి మూడడుగుల దూరంలో ఒక పుల్ల గుచ్చాలి. లెక్క రెండుసార్లు రాకుండా అదొక్కటే దారి. పుల్ల గుచ్చని గూడు పుస్తకంలోకి ఎక్కకూడదు. సాయంత్రం ఆవిడ ఇచ్చిపోయిన పుస్తకంలో తేదీ వేసి అంకె రాయాలి. ఈ లెక్క ఎందుకని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఇరవై ఏడు. ముప్ఫై నాలుగు. నలభై ఒకటి.

నాన్న మేకలకి నీళ్ళు పెడుతుంటే నేను రాళ్ళ మీద ఒంగి నడిచేదాన్ని. పిట్టలు మొదట్లో నెత్తిన పొడిచేవి. వారం తిరిగేసరికి నా తలగుడ్డ గుర్తుపట్టాయో, నా నడక గుర్తుపట్టాయో, పక్కనుంచి వెళ్ళినా కొన్ని లేచేవి కావు. తిరుగుప్రయాణంలో నాన్న తెడ్డు వేస్తూ, "ఇవాళ ఎన్ని చిట్టీ?" అని అడిగేవాడు. చెప్తే నవ్వేవాడు. "మా అమ్మాయి లెక్కల మాస్టారయిపోయింది," అని రేవులో అందరికీ చెప్పేవాడు.

ఆ చెప్పడమే రేవు కాపలాదారు చెవిన పడింది. వాడు మా పడవ తాడు పట్టుకుని ఆపాడు.

"ఏం బావా, నీ గొయ్యి నీ కూతురి చేతే తవ్విస్తున్నావా?"

"ఏంట్రా?"

"మా తోడల్లుడి ఊరి దగ్గర ఇలాగే ఒకావిడ వచ్చి లెక్కపెట్టింది. గూళ్ళు వంద దాటాయి. ఇంకేముంది, మనిషన్నవాడు కాలు పెట్టకూడదని బోర్డు కొట్టేశారు. మేకల సంగతి సరేసరి."

"వంద దాటితేనా?"

"వందే."

నాన్న నావైపు చూశాడు. ఆ రోజు అంకె అరవై రెండు. ఆ సాయంత్రం నాన్న ఎన్నని అడగలేదు.

ఇంట్లో అమ్మ అడిగింది. అమ్మ నోరు పదును. పదేళ్ళుగా ఆ మేకల పాలు పిండి, పిల్లల్ని తుడిచి, జబ్బు చేసినవాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకు. ఎన్నున్నాయి?"

"అరవై రెండు."

"అరవై రెండంట. గర్వంగా చెప్తోంది చూడు. ఏమయ్యా, దీనికి పుస్తకం ఇచ్చిందెవరు? నోట్లో మాట ఉండదు గానీ పుస్తకంలో మాత్రం వాగుతూనే ఉంది."

"తక్కువ రాస్తే పోలే," అన్నాడు నాన్న.

"ఆవిడ వచ్చి మళ్ళీ లెక్కపెట్టుకోదా? దీన్ని దొంగంటుంది. అన్నా పర్లేదు, అప్పటికీ ఆవిడ లెక్కే నిలుస్తుంది."

నాన్న అన్నం తింటూ ఆగి, చేత్తో కంచంలో గీతలు గీశాడు. "మేకల్ని ఎక్కడికి తోలతాం?" అన్నాడు.

తర్వాతి రోజు కూడా నేను పుల్లలు గుచ్చాను. ఆ మర్నాడు కూడా. ఆపేసి ఉండొచ్చు. కనబడిన గూడు కనబడనట్టు నడిచి ఉండొచ్చు. కానీ నా కళ్ళు అలా చెయ్యడం నేర్చుకోలేదు. పైగా ఆ సాయంత్రాల్లో పుస్తకం తెరిచి, తేదీ వేసి, అంకె రాసే ఒక్క నిమిషం కోసం నేను పొద్దుటినుంచీ ఎదురుచూసేదాన్ని. అది నా స్వార్థం. ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు.

డెబ్బై ఐదు. ఎనభై ఎనిమిది. తొంభై ఏడు.

నూట మూడు అని చెప్పిన రోజు అమ్మ తలెత్తకుండా బియ్యం ఏరుకుంది. అమ్మ తిట్టకపోతే ఇంట్లో ఎంత చప్పుడు తగ్గిపోతుందో ఆ రోజే తెలిసింది.

ఆ రోజు నేను చెప్పనిది ఒకటుంది. నూట మూడో పుల్లతో నా దగ్గర పుల్లలు అయిపోయాయి. బండ వెనక ఇంకో పదకొండు గూళ్ళు చూశాను. పుల్ల గుచ్చలేదు కనక రాయలేదు.

మర్నాడు నాన్న నాకన్నా ముందే లేచాడు. "ఇవాళ రెండు డబ్బాలు చాలు," అన్నాడు. పడవలో ఎప్పుడూ కబుర్లు చెప్పేవాడు. ఆ రోజు తెడ్ల చప్పుడే విన్నాను. దీవి ఎక్కాక, మేకలు నీళ్ళు తాగాక, కర్ర పట్టుకుని వాటన్నిటినీ గులకరాళ్ళ వైపు తోలాడు.

"నాన్నా, అటు గడ్డి లేదు."

"తెలుసు."

పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. నీడ పడింది. గీ మని అరుస్తూ మా నెత్తి మీదకి దూకి, రెట్టలు వేస్తూ, మళ్ళీ పైకి లేస్తూ. నాన్న తలకి తువ్వాలు చుట్టుకుని మేకల్ని అదిలిస్తున్నాడు. ముందర పెద్దకొమ్ముల మేక. దాని వెనక మిగతావి. అవి రాళ్ళ మధ్య ఒక్కొక్క డెక్కా చూసి చూసి పెడుతూ, గుంట కనబడితే ఆగి, పక్కకి తిరిగి, దాటుకుంటూ వెళ్ళాయి. ఒక పిల్ల ఒక గుడ్డుని వాసన చూసి తుమ్మింది. మందంతా మేట దాటి అవతలికి చేరేసరికి ఒక్క గుడ్డు పగల్లేదు. ఒక్క పుల్ల పడలేదు.

నాన్న మళ్ళీ తోలాడు. మళ్ళీ అలాగే.

మూడోసారి కర్ర కింద పడేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చూశావా చిట్టీ," అన్నాడు, నవ్వబోయి. "ఇన్నేళ్ళు మేపాను. ఒక్కటీ నా మాట వినదు."

నేనూ నవ్వాను. అయిపోయింది, ఇక ఇంటికెళ్తాం అనుకున్నాను.

నాన్న మొదటి పుల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కాసేపు అలా ఉండి, పక్కనున్న గూటి మీద కాలు వేశాడు. తర్వాత రెండో పుల్ల దగ్గరికి నడిచాడు.

"పుల్లలు పీక్కుంటూ రా," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

పీక్కుంటూ వెళ్ళాను. వాటిని తిన్నగా వరసల్లో గుచ్చింది నేనే, వెతుక్కునే పని లేకుండా. మొదటి పది గూళ్ళ దగ్గరా నాన్న ఆగి ఆగి వేశాడు. ఇరవై అయ్యాక ఆగడం మానేశాడు. నలభై దగ్గర ఒక పద్ధతి వచ్చింది. మడమతో ఒకసారి, పాదంతో రాళ్ళు దాని మీదకి ఒకసారి. పనిలో పడ్డాక నాన్న దేన్నయినా శుభ్రంగా చేస్తాడు.

ఎనభై దాటాక ఒక చోట ఒంగి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. పెంకు మీద సన్నటి పగులు ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాడు. చూలు మేక పొట్టకి చెవి ఆనించి వినేటప్పుడు ఎలా కళ్ళు మూసుకుంటాడో అలాగే మూసుకున్నాడు.

"లోపల కొడుతోంది," అన్నాడు. నా చెవికి ఆనించాడు. "వినబడిందా?"

"ఆఁ."

దాన్ని జాగ్రత్తగా మిగతా రెండిటి మధ్యా పెట్టాడు. కదలకుండా ఒక చిన్న రాయి ఆపు పెట్టాడు కూడా. తర్వాత కాలు వేశాడు.

చివరి పుల్ల పీకేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పుల్లల కట్ట నా చంకలో ఉంది. నాన్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అంతేనా?"

పుల్ల గుచ్చనిది లెక్కలోకి రాదు. అంతే అని ఉంటే అది అబద్ధం కూడా కాదు.

"బండ వెనక పదకొండున్నాయి," అన్నాను.

నాన్న బండ వైపు చూశాడు. నావైపు చూశాడు. "పద," అన్నాడు.

ఎందుకు చెప్పానో చాలాసార్లు ఆలోచించాను. భయపడి చెప్పానని అనుకుంటే తేలిగ్గా ఉంటుంది. నాన్న కోసం చెప్పానంటే ఇంకా తేలిక. అడిగాడు, చెప్పాను. అంతకన్నా నాకు దొరకలేదు.

బండ వెనక మూడు గూళ్ళలో పిల్లలు బయటికొచ్చి ఉన్నాయి. భయం వేస్తే అవి పరిగెత్తవు, అరవవు. రాయి పక్కన రాయిలా పడుకుంటాయి. వాటికి తెలిసిన ఉపాయం అదొక్కటే. నాన్నకి అవి కనబడలేదు. ఎక్కడున్నాయో చెప్పమన్నాడు. నేను వేలు పెట్టి చూపించాను.

పని అయ్యాక నాన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. మేకలు ఒడ్డున వరసగా నిలబడి, ఈయన ఏం తాగుతున్నాడా అన్నట్టు చూశాయి.

ఇంటికొచ్చాక అమ్మ కట్ట అందుకుని పొయ్యి పక్కన పడేసింది. వారం రోజులు వాటితోనే వంట చేసింది. "సున్నం పూశావేంటే, ఒకటే పొగ," అని ఒకసారి అంది.

మేకలకి నీళ్ళు తప్పవు కాబట్టి నేను రోజూ దీవికి వెళ్ళాను. పిట్టలు ఎగిరిపోతాయనుకున్నాను. మూడు రోజులు పోలేదు. ఎక్కడి గూడు అక్కడ, చదునైపోయిన రాళ్ళ మీద రెక్కలు సర్దుకుని కూర్చునేవి. ఒకటి మాత్రం ఎక్కడినుంచి దొర్లించుకొచ్చిందో, గుండ్రటి రాయిని పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది. అది మిగతావాటి కన్నా రెండు రోజులు ఎక్కువ ఉంది. నేను దగ్గరికి వెళ్తే లేవలేదు. నన్ను గుర్తుపట్టింది మరి.

నెల నిండింది. పక్షులమ్మ వేరే పడవ మాట్లాడుకుని ముందు దీవికి వెళ్ళి, అక్కడినుంచి తిన్నగా మా ఇంటికొచ్చింది. ఆవిడ వస్తున్నట్టు రేవునుంచి కబురొచ్చింది కాబట్టి నాన్న మంచం మీద, అమ్మ గుమ్మం దగ్గర, నేను గోడవార సిద్ధంగా ఉన్నాం. అమ్మ కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్ళు ఇచ్చింది.

"ఏమైంది?" అంది ఆవిడ. గ్లాసు ముట్టుకోలేదు.

"పెద్ద అల వచ్చిందమ్మా," అన్నాడు నాన్న. "అలా ఇలా కాదు. మొత్తం తుడిచిపెట్టుకుపోయింది."

"మేకలు?"

"బండెక్కి బతికాయి," అంది అమ్మ. "మూగజీవాలు కదమ్మా, వాటికి ముందే తెలుస్తుంది."

ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎన్ని పోయాయి?"

"నూట పద్నాలుగు."

అమ్మ చటుక్కున నన్ను చూసింది. అమ్మకి తెలిసింది నూట మూడే. ఆవిడ అంకె రాసుకుంది. రాసి, పెన్ను మూత పెట్టకుండా పట్టుకుని కూర్చుంది.

"బండ వెనక కూడా చూశాను, ఒక్కటీ లేదు. అక్కడికి అల రాదే."

"వచ్చిందమ్మా," అన్నాడు నాన్న.

"ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండేది." ఆవిడ ఎవరితోనూ కాకుండా అంది. "ఒక్క గూడున్నా చాలు, రాసేదాన్ని."

"ఏం రాసేవారు?" అంది అమ్మ.

"దీవి ఇవ్వకూడదని. రాళ్ళు తవ్వే కంపెనీ వాళ్ళు దీన్ని అడుగుతున్నారు, సముద్రంలో గోడ కట్టడానికి. ఆ బండంతా పేల్చి తీసుకెళ్తారు. మేట కూడా ఎత్తేస్తారు. గూళ్ళున్నాయని కాగితం చూపిస్తే ఆగిపోయేది. ఇప్పుడు నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. వానలు తగ్గగానే మొదలుపెడతారు."

అమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"మరి మేకల్ని తోలేస్తారని..." అమ్మ గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. "వంద గూళ్ళు దాటితే బోర్డు పెట్టేస్తారని..."

"ఎవరన్నారు? గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ మేట వైపు ఒక తాడు కడదామనుకున్నాను, అంతే. అదీ మనుషుల కోసం. మేకలు గూళ్ళు తొక్కవు కదా, మీకు తెలియనిదేముంది."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా తల్లీ!"

"పైవాళ్ళు చెప్పొద్దన్నారండీ." ఆవిడ ఎర్రబడ్డ ముక్కు రుద్దుకుంది. "ముందే బయటపడితే కంపెనీ తరఫున ఎవడో ఒకడు వెళ్ళి గూళ్ళన్నీ తొక్కేస్తాడని."

నాన్న మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. నేల వైపు చూస్తున్నాడనుకున్నాను. నన్ను చూస్తున్నాడు. మేట మీద నిలబడి, బండ వెనక పదకొండున్నాయని నేను అన్న మాట ఆ ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు అంటాడనుకున్నాను. అందరి ముందూ అనేస్తే బాగుండుననుకున్నాను. అమ్మ తిట్టేది, ఆవిడ పుస్తకంలో రాసుకునేది, ఏదో ఒకటి అయ్యేది.

నాన్న లేచాడు. కుర్చీలో ఉన్న మనిషిని దాటి, గుమ్మంలో కూర్చున్న అమ్మని దాటి బయటికి నడిచాడు.

"ఏమయ్యా," అని పిలిచింది అమ్మ. "ఏమయ్యా, ఎక్కడికి?"

నాన్న వీధిలోకి దిగాడు. మేకలకి నీళ్ళ వేళ అయింది. రేవు వైపు తిరుగుతాడేమోనని చూశాను. తిరగలేదు. రెండో వైపు వెళ్ళిపోయాడు.